రిజిస్టరుకెక్కిన నేలకే రక్షణ
ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో ఉమ్మడి స్థలాలు: చట్టాలు, తీర్పులు, అనుభవాలపై సమీక్ష

నెల్లూరు జిల్లాలో ఖాళీ జాగాకు కరువొస్తే తూర్పున డెల్టాలో రావాలి గానీ పడమటి మెట్టలో రాకూడదు. ఉదయగిరి వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా బీళ్లు, రాళ్ల గుట్టలు, చిల్లకంప కనిపిస్తాయి. ఇంత నేల కళ్లెదుట ఉండగా బహిరంగ స్థలాలను కాపాడుకోవాలనడం వింతగా తోస్తుంది. ఊళ్లోకి వచ్చి ప్రశ్న మార్చి అడిగితే సంగతి తెలుస్తుంది. పిల్లలు ఆడుకోవడానికి, సంత పెట్టుకోవడానికి, శవాన్ని పూడ్చడానికి, గొర్రెల మందను తోలుకుపోవడానికి, వానొస్తే నీళ్లు పారడానికి, రేపు ఎవరూ కాదనలేని చోటు ఎంత ఉంది? దానికి జవాబు బీళ్లలో దొరకదు. తహశీల్దారు కార్యాలయంలోని దస్త్రాల్లో, పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో వెతుక్కోవాలి.

ఉదయగిరి, ఆత్మకూరులను కలిపి చూడడానికి కారణం ఉంది. ఉదయగిరి గ్రామ పంచాయతీ. ఆత్మకూరు మున్సిపాలిటీ, రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఒకే మెట్ట సీమలో రెండు రకాల స్థానిక ప్రభుత్వాలు, రెండు చట్టాలు. ఉదయగిరి మీద ఒత్తిడి నెమ్మదిగా వస్తుంది. ఆత్మకూరు మీదికి మాత్రం నాలుగు దిక్కుల నుంచీ వస్తోంది. కృష్ణపట్నం వైపు పోయే 67వ నంబరు జాతీయ రహదారి, నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం, నారంపేట పారిశ్రామికవాడ, సోమశిల నీటి మీద ఆశ: ఇవన్నీ నేల ధరను పెంచేవే. ధర పెరిగిన చోట మొదట కన్ను పడేది అడిగేవాడు లేని జాగా మీదే.

ఉన్న చట్టాలను, వచ్చిన తీర్పులను, ఇతర చోట్ల అనుభవాలను వరసగా పెట్టి చూస్తే ఒక్క విషయం తేలుతుంది. ఉమ్మడి స్థలాన్ని కాపాడే చట్టాలకు మనకు కొదవ లేదు. అయితే నిలిచిన స్థలాలన్నిటికీ మూడు లక్షణాలు ఉన్నాయి: దస్త్రంలో పేరు, నేల మీద హద్దు, రోజూ వాడుకునే జనం. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ స్థలం ఏదో ఒక మంచి పని పేరుతోనే పోతుంది.

మెట్టలో ఉమ్మడి అంటే

పట్నంలో బహిరంగ స్థలమంటే పార్కు, ఆటస్థలం. మెట్ట ఊళ్లో ఆ జాబితా చాలా పెద్దది. మేత పోరంబోకు, కళ్లాల జాగా, శ్మశానం, పశువుల మంద నిలిపే చోటు, బండ్ల బాట, చింతతోపు, చెరువు లోపలి నేల, వాగు గట్టు, గుడి ముందు బయలు, బడి మైదానం, సంత జాగా. వీటిలో చాలావాటికి ఏడాదిలో కొన్నాళ్లే పని. కోతలప్పుడే కళ్లం కావాలి, తిరునాళ్లప్పుడే బయలు కావాలి, చావొచ్చినప్పుడే శ్మశానం గుర్తుకొస్తుంది. మిగతా రోజుల్లో అవి ఎవరికీ పనికిరాని నేలలా కనిపిస్తాయి. వాటికి మొదటి ప్రమాదం ఇదే.

ఈ సీమ సంపద ఒకప్పుడు ఇలాంటి నేల మీదే నిలిచింది. నెల్లూరు జిల్లాలో కంచెలని పిలిచే విశాలమైన మేత భూములుండేవి. ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న కాలంలో ఇక్కడి పశువులు సముద్రం దాటిపోయాయి. బ్రెజిల్‌లో ఆ జాతిని నేటికీ ‘నెలోర్’ అంటారు. జోడిపి, పల్ల, డోర రకాలున్న నెల్లూరు గొర్రె ఇప్పటికీ మెట్ట కాపరుల బతుకుతెరువు. భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క చెంచాల పనికి కలప ఆ చుట్టుపక్కల అడవుల నుంచే రావాలి. గొర్రెను కొట్టంలో కట్టి మేపడం కూలీనాలీ చేసుకునే కాపరి వల్ల అయ్యే పని కాదు. బీడు పోతే మంద పోతుంది, మంద పోతే వలసే దిక్కు.

ఈ నష్టాన్ని అంకెల్లోకి తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా. ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో 80కి పైగా గ్రామాలను పరిశీలించి, 1986లో ఆయన ఫలితాలు ప్రచురించారు. 1950ల మొదటి నుంచి 1980ల మొదటి వరకు, అంటే దాదాపు ముప్పై ఏళ్లలో, ఆయా ప్రాంతాల్లో ఉమ్మడి భూమి 31 నుంచి 55 శాతం వరకు తరిగిపోయింది. అందులో ఎక్కువ భాగం దొంగచాటుగా పోయింది కాదు, పేదలకు పంచే కార్యక్రమాల్లోనే పోయింది. అలా పంచిన నేలలోనూ పెద్ద వాటా చివరికి పేదలు కానివారి చేతికే చేరిందని ఆయన తేల్చారు. పేద కుటుంబం ఉమ్మడి మేతనూ పుల్లనూ పోగొట్టుకుంది. బదులుగా దక్కిన చెక్కను నిలుపుకోవడానికి దాని దగ్గర ఎద్దూ లేదు, పెట్టుబడీ లేదు.

చట్టం చేతికిచ్చిన ఆయుధాలు

మద్రాసు ప్రెసిడెన్సీలో 1905లో వచ్చిన భూ ఆక్రమణల చట్టం ఇప్పటికీ మన తహశీల్దార్ల చేతిలో పనిచేస్తోంది. 7వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, సంజాయిషీ విని, 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించవచ్చు. 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం, 1982లో భూకబ్జాల నిరోధక చట్టం, 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు ‘వాల్టా’ వచ్చాయి.

స్థానిక సంస్థలకు సొంత బలం 1992 నాటి 73, 74 రాజ్యాంగ సవరణల తర్వాత చేకూరింది. పదకొండో షెడ్యూలు పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో ఉమ్మడి ఆస్తుల నిర్వహణను చేర్చింది. పన్నెండో షెడ్యూలు పట్టణ సంస్థల 18 అంశాల్లో పార్కులు, తోటలు, ఆటస్థలాలను, శ్మశానాలను చేర్చింది. రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది. ప్రభుత్వానికి ప్రత్యేక అవసరం లేని మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మంద జాగాలు, బండ్ల బాటలు, తోపులు గ్రామ పంచాయతీకి దఖలు పడతాయని అది చెబుతుంది. ఉదయగిరి సర్పంచి చేతిలో ఉన్న గట్టి వాక్యం ఇదే.

అదే సెక్షన్‌లో ఇంకో వాక్యమూ ఉంది. ఏదైనా నిర్దిష్ట ప్రజావసరానికి కావాలనుకుంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి ఆ పోరంబోకును పంచాయతీ నుంచి వెనక్కి తీసుకోవచ్చు. అంటే పంచాయతీకి దక్కింది షరతులతో కూడిన యాజమాన్యం.

నియమాల వరకు చూస్తే 2011 జూలైలో వచ్చిన 188వ నంబరు జీవో ముఖ్యమైనది. గ్రామ పంచాయతీ ఆస్తుల పరిరక్షణ నియమాలని దీన్ని పిలుస్తారు. పంచాయతీ తన స్థిరాస్తులన్నిటికీ రిజిస్టరు నిర్వహించాలి, సర్వే చేయించి హద్దులు తేల్చుకోవాలి, ఆక్రమణలు కనిపిస్తే తొలగింపుకు చర్యలు తీసుకోవాలి. కార్యదర్శి నుంచి జిల్లా స్థాయి వరకు ఎవరి బాధ్యత ఏమిటో అందులో ఉంది. కొత్తగా ఏ చట్టమూ చేయనక్కర లేకుండా, ఈ ఒక్క జీవోను అక్షరాలా అమలుచేసినా సగం పని అయిపోతుంది.

ఒక నేల, రెండు కార్యాలయాలు

ఆ జీవో అమలు ఎందుకు జరగదో తెలియాలంటే మన భూపాలన నిర్మాణం చూడాలి. స్థలం పంచాయతీది, దస్త్రం రెవెన్యూది. రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అడంగల్, పటం అన్నీ తహశీల్దారు దగ్గర ఉంటాయి. సర్వేయరు ఆ శాఖ మనిషే. ఆక్రమణదారుకు చట్టబద్ధంగా నోటీసు ఇచ్చే అధికారమూ అక్కడిదే. పంచాయతీ కార్యదర్శి లేఖ రాస్తాడు, గుర్తుచేస్తూ మరో లేఖ రాస్తాడు, ఈలోగా బదిలీ అవుతాడు. కొత్తగా వచ్చినవాడికి ఆ లేఖ ఏ ఫైలులో ఉందో తెలియదు.

ఆ నడుమ కాలంలో ఆక్రమణ ముదురుతుంది. మొదటి ఏడాది కంప నరికి చదును చేస్తారు. తర్వాత కందో జొన్నో చల్లుతారు. సివాయిజమా (అనుమతి లేని సాగుపై వేసే శిస్తు) కింద పేరు రాయించుకుంటారు. కరెంటు మీటరు, ఇంటి పన్ను రసీదు తోడవుతాయి. పదేళ్లు గడిచాక దాన్ని ఆక్రమణ అని నిరూపించాల్సిన భారం పంచాయతీ మీద పడుతుంది. ఇంటి పన్ను కట్టించుకోవడం హక్కును ఒప్పుకోవడం కాదని అధికారులకు తెలుసు. అయినా కోర్టు గుమ్మం దగ్గర ఆ రసీదే ముందు కనిపిస్తుంది.

రెవెన్యూ దస్త్రాలకూ వాటి చిక్కులున్నాయి. పాత రిజిస్టరులో హక్కుదారు గడిలో పేరుకు బదులు చుక్కలు పెట్టిన భూములను చుక్కల భూములంటారు. వాటిపై 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2023 మే 12న ఇదే జిల్లాలోని కావలిలో, రాష్ట్రవ్యాప్తంగా సుమారు రెండు లక్షల ఎకరాల చుక్కల భూములపై రైతులకు హక్కులిచ్చే కార్యక్రమాన్ని అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించారు. తరాలుగా సాగు చేసుకుంటున్న రైతుకు అది న్యాయమే. అయితే పెద్ద ఎత్తున దస్త్రాలు సవరించే ప్రతి సందర్భంలోనూ ఉమ్మడి నేల తరఫున మాట్లాడే మనిషి అక్కడ ఉండాలి. రైతు తన సర్వే నంబరు కోసం కార్యాలయం చుట్టూ తిరుగుతాడు. మేత పోరంబోకు కోసం తిరిగేది ఎవరు? 2020 డిసెంబరు 21న మొదలైన భూముల రీసర్వేలోనూ, గ్రామకంఠాల కొలతలోనూ ఇదే ప్రశ్న. సర్వే బృందం ఊళ్లోకి వచ్చిన రోజు సర్పంచో కార్యదర్శో పక్కన నిలబడి ఉమ్మడి హద్దు చూపించకపోతే, పక్క పట్టాదారు చూపించిన హద్దే ఖాయమవుతుంది.

ఇక్కడ అంతగా వాడని ఉపాయం ఒకటి ఉంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్. అమ్మకాలు నిషేధించిన భూముల జాబితాగా జనం ఎరిగిన ఈ సెక్షన్‌ను పట్టా భూములు పొరపాటున చేరి ఇబ్బంది పడ్డ రైతులు తిట్టుకోవడం సహజం. దీని రెండో ముఖం వేరు. స్థానిక సంస్థల ప్రయోజనాలున్న ఆస్తులను కూడా నోటిఫికేషన్ ద్వారా ఆ జాబితాలో చేర్చే వీలుంది. శ్మశానం, మేత భూమి, లేఅవుట్‌లో వదిలిన స్థలం వివరాలను తీర్మానంతో సహా పంపి అందులో చేర్పించుకుంటే, కనీసం దొంగ రిజిస్ట్రేషను అక్కడితో ఆగుతుంది.

లేఅవుట్లలో పది శాతం

ఆత్మకూరు అసలు పోరాటం పాత పోరంబోకుల కంటే కొత్త లేఅవుట్లలో ఉంది. పొలాన్ని ప్లాట్లుగా విడగొట్టేవారు మొత్తం విస్తీర్ణంలో 10 శాతం బహిరంగ స్థలంగా వదలాలి. గ్రామ పంచాయతీలకు 2002 నాటి లేఅవుట్ నియమాలు, తర్వాత 2017 నాటి భూమి అభివృద్ధి నియమాలు దీన్ని చెబుతున్నాయి. ఆ స్థలాన్ని, రోడ్లను స్థానిక సంస్థ పేరిట గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టరు చేయాలి.

కాగితం మీద ఇది చక్కగా ఉంటుంది. లోపం మూడు చోట్ల వస్తుంది. ఒకటి, అసలు అనుమతే తీసుకోకుండా రాళ్లు పాతి ప్లాట్లు అమ్మేయడం. రెండు, అనుమతి తీసుకున్నా గిఫ్ట్ డీడ్ రిజిస్టరు కాకుండా నాన్చడం. మూడు, డీడ్ అయినా మున్సిపల్ ఆస్తుల రిజిస్టరులో, రెవెన్యూ రికార్డులో పేరు మార్చకపోవడం. పాత యజమాని పేరే ఆన్‌లైన్‌లో నిలిచి ఉంటే, పదేళ్ల తర్వాత అతని వారసులు ఆ పార్కు జాగాను ప్లాట్లుగా అమ్మడానికి అడ్డేమీ ఉండదు.

గిఫ్ట్ డీడ్ లేనంత మాత్రాన స్థలం చేజారినట్టు కాదన్నది పాలకవర్గాలు గుర్తుంచుకోవాల్సిన విషయం. పండిత్ చేత్‌రామ్ వశిష్ఠ కేసులో సుప్రీంకోర్టు సున్నితమైన గీత గీసింది. చట్టంలో ఆధారం లేకుండా కార్పొరేషన్ ఆ భూమిని ఉచితంగా సొంతం చేసుకోలేదు. అదే సమయంలో, లేఅవుట్‌లో బహిరంగ స్థలంగా చూపించిన భూమిని యజమాని ఇష్టం వచ్చినట్టు వాడుకోలేడు, ప్రజల తరఫున ధర్మకర్తగా మాత్రమే ఉంచుకోగలడు. కాబట్టి అనుమతి పొందిన లేఅవుట్ పటం కాపీ భద్రంగా ఉంటే చాలు, మున్సిపాలిటీ వాదించడానికి కాళ్ల కింద నేల ఉన్నట్టే.

అనుమతి లేని లేఅవుట్ల విషయంలో మన ప్రభుత్వాలు పట్టిన దారి క్రమబద్ధీకరణ. 2007 చివర్లో వచ్చిన 902వ నంబరు జీవో నుంచి ఇదే తంతు. లేఅవుట్‌లో 10 శాతం బహిరంగ స్థలం లేకపోతే ప్లాటు యజమాని ప్లాటు విలువలో కొంత శాతం చెల్లించి లెక్క సరిచేసుకోవచ్చు. కష్టార్జితంతో ప్లాటు కొన్న ఉద్యోగినో చిరువ్యాపారినో శిక్షించలేం గనుక ఈ పథకాలకు కారణం ఉంది. కానీ ఫలితం చూడండి. స్థలం మిగల్చకుండా అమ్ముకున్నవాడు లాభంతో వెళ్లిపోతాడు, కొన్నవాడు రుసుము కడతాడు. స్థానిక సంస్థకు డబ్బు వస్తుందే తప్ప ఆ వీధిలో పిల్లలకు ఆటస్థలం రాదు, అక్కడ కొనడానికి నేల మిగిలి ఉండదు గనుక. ఆ రుసుమును విడిగా ఉంచి, ఆ వార్డులోనో పక్క వార్డులోనో స్థలం కొనడానికే ఖర్చుచేస్తే కొంత న్యాయం జరుగుతుంది. సాధారణ పద్దులో కలిపేస్తే అది జీతాలకూ బిల్లులకూ కరిగిపోతుంది.

ప్రభుత్వమే అడిగినప్పుడు

కబ్జాదారు మీద కోపగించడం తేలిక. పంచాయతీకి కష్టమైన పరీక్ష ప్రభుత్వమే వచ్చి స్థలం అడిగినప్పుడు ఎదురవుతుంది. అడిగేది ఎప్పుడూ మంచి పనికే: పేదలకు ఇళ్లు, సచివాలయం, ఆసుపత్రి, నీళ్ల ట్యాంకు. భూమి కొనడానికి డబ్బు ఉండదు, గడువు దగ్గర పడుతుంది, ఊరి నడుమ చేతికందేది బడి మైదానమో మేత భూమో.

గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. వాటికీ రైతు భరోసా కేంద్రాలకూ రాష్ట్రంలో అనేక చోట్ల ప్రభుత్వ బడుల ఆవరణల్లోనే భవనాలు లేపారు. బడి ఆవరణల్లో వేరే నిర్మాణాలు కట్టవద్దని హైకోర్టు 2020లో ఆదేశించింది. ఆదేశం అమలు కాకపోవడంతో 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు కోర్టు ధిక్కారం కింద రెండు వారాల జైలు శిక్ష విధించింది. వారు క్షమాపణ చెప్పాక, దాని స్థానంలో సంక్షేమ హాస్టళ్లకు వెళ్లి సేవ చేయాలని ఆదేశించింది. తెలుగు నేల మీద ఆటస్థలం కోసం ఇంత గట్టిగా న్యాయస్థానం కదిలిన సందర్భం అరుదు. ఆ కేసు హైకోర్టు దాకా పోవాల్సి రావడంలోనే అసలు పాఠం ఉంది. బడి మైదానంలో సచివాలయం వద్దని తీర్మానం చేయాల్సిన మొదటి సభ ఆ ఊరి గ్రామసభే.

ఇళ్ల స్థలాల లెక్క ఇంకా చిక్కైనది. 2020 డిసెంబరులో రాష్ట్రవ్యాప్తంగా 30 లక్షలకు పైగా పట్టాలు పంచారు, గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున. ఇప్పటి ప్రభుత్వం దాన్ని గ్రామాల్లో మూడు సెంట్లకు, పట్టణాల్లో రెండు సెంట్లకు పెంచుతూ 2025 జనవరిలో నిర్ణయం తీసుకుంది. ఇల్లు కట్టుకునే కుటుంబానికి సెంటు జాగా చాలదన్నది నిజం. ప్రతి ఇంటికీ జాగా రెట్టింపైతే ఊరి చుట్టూ ప్రభుత్వ భూమి మీద ఒత్తిడీ రెట్టింపవుతుందన్నదీ అంతే నిజం. పేదవాడి ఇంటినీ పేదవాడి మేకనూ పోటీ పెట్టే ఈ పద్ధతిలో ఓడేది రెండు వైపులా పేదవాడే. కొత్త కాలనీ పటం గీసేటప్పుడే అంగన్‌వాడీకి, ఆటకు, శ్మశానానికి, పశువుల బాటకు చోటు విడిచి, మిగిలినదాన్ని పంచడం ఒక్కటే దీనికి దారి. ప్రైవేటు లేఅవుట్‌కు పెట్టే 10 శాతం నియమాన్ని ప్రభుత్వ కాలనీకీ పెట్టాలి.

మంచి పని పేరు చెబితే పార్కు ఇచ్చేయవచ్చా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1991లోనే జవాబిచ్చింది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, పార్కు కోసం ఉంచిన స్థలాన్ని నర్సింగ్ హోముకు కేటాయించడాన్ని కొట్టేసింది. ఆసుపత్రి అవసరమే, కానీ ఆ అవసరం తీర్చడానికి పార్కు స్థలమే కావాలన్న నియమం లేదు. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు ఆక్రమణను తొలగించమంటూ, గ్రామాల ఉమ్మడి భూములను ఖాళీ చేయించే పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చిన లీజులకు, అప్పటికే బడి, డిస్పెన్సరీ వంటివి వెలసిన చోట్లకు మాత్రం మినహాయింపు ఉండవచ్చంది. ఆ మినహాయింపు మానవీయమైనదే. కానీ పెద్ద ఆక్రమణదారు పేదవాడి గుడిసెను ముందు పెట్టుకుని దాని వెనక తన ప్రహరీ కట్టుకోకుండా చూడడం స్థానిక సంస్థ పని.

చెరువు, వాగు

మెట్టలో చెరువు నీటి వనరు మాత్రమే కాదు, ఊరికి అతిపెద్ద బయలు. జిల్లాలో పెద్ద చెరువుల్లో ఒకటైన అనంతసాగరం చెరువు ఆత్మకూరుకు దగ్గరే. వరసగా నాలుగేళ్లు నిండని చెరువులో సాగు మొదలవుతుంది. నిండిన ఏడు పంట మునిగితే, నీళ్లు తగ్గించమని తూము దగ్గర తగువు. శిఖం (చెరువు లోపలి) నేలపై పట్టాలు చెల్లవని 2001లో హించ్‌లాల్ తివారీ కేసు నుంచి కోర్టులు చెబుతూనే ఉన్నాయి. భవన నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. ఆ నీటిమట్టం ఎక్కడిదాకానో తెలిపే రాయి లేకపోతే ఈ మీటర్లన్నీ గాలిలో కొలతలే.

వాగు జాగా సంగతి 2021 నవంబరు గుర్తుచేసింది. నవంబరు 19న ఎగువన కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నకు భారీ వరద వచ్చి సోమశిల దిగువ ఊళ్లు అల్లాడాయి. అంత పెద్ద వరదను పంచాయతీ ఆపలేదు. కానీ ఊరి వాగు పారే దారిలో ప్లాట్లు పడకుండా చూడడం దాని చేతిలో పనే. ఈశాన్య రుతుపవనాల మీద బతికే జిల్లాలో, పది నెలలు ఎండి రెండు నెలలు పారే వాగును ఎండిన నెలల్లో చూసి అంచనా వేస్తే నష్టం ఖాయం.

ఇతరులు ఏం చేశారు

కేరళ 2008లో వరి పొలాలు, చిత్తడి నేలల పరిరక్షణకు చట్టం చేసింది. అందులో రెండు అంశాలు మనకు పనికొస్తాయి. ప్రతి పంచాయతీలో ఏ నేల వరి పొలమో తెలిపే డేటా బ్యాంకు తయారు చేసి ప్రకటించాలి. పంచాయతీ అధ్యక్షుడు, వ్యవసాయాధికారి, రైతులు ఉన్న స్థానిక కమిటీ దాన్ని పర్యవేక్షించాలి. జాబితాలో తప్పులు దొర్లాయి, తగాదాలు వచ్చాయి, సవరణలూ జరిగాయి. అయినా వాదన జాబితా మీద నడుస్తోంది, అది లేని చోట వాదన పలుకుబడి మీద నడుస్తుంది. తమిళనాడు 1959లోనే పార్కులు, ఆటస్థలాలు, బహిరంగ స్థలాల జాబితాను స్థానిక సంస్థలు తయారు చేయాలని ప్రత్యేక చట్టం చేసింది.

తెలంగాణ మరో దారి పట్టింది. 2019 పల్లె ప్రగతి తర్వాత ఊరూరా పల్లె ప్రకృతి వనాలు, వైకుంఠధామాలు, 2022 నుంచి క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. దస్త్రంలో పోరంబోకుగా పడివున్న నేలకు పేరు, కంచె, బోర్డు వచ్చాయి. పేరు పడ్డ స్థలాన్ని అడగడానికి ఎవరైనా కొంత జంకుతారు. పైనుంచి లక్ష్యాలు పెట్టి చేయించినందున ఊరికి దూరంగా, జనం పోని చోట పెట్టిన వాటిని మాత్రం నిలబెట్టడం కష్టమవుతుంది. అదే రాష్ట్రంలో 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం రేగి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపాల్సి వచ్చింది. పల్లెలో వనం పెంచిన ప్రభుత్వ వ్యవస్థే పట్నంలో కంచను ఆదాయంగా చూసింది.

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ పట్టణ ఓటర్లు 1967లో, చుట్టూ ఉన్న బహిరంగ భూములు కొనడానికి తమ మీద తామే అమ్మకపు పన్ను వేసుకున్నారు. మన మెట్ట పంచాయతీ అంత స్తోమత గలది కాదు. దాని గ్రాంట్లలో పెద్ద భాగం నీటికీ పారిశుద్ధ్యానికీ ముందే కట్టుబడి ఉంటుంది. అయినా ఒక తేడా గమనించాలి. అక్కడ ఊరు డబ్బిచ్చి స్థలం తెచ్చుకుంది. మన క్రమబద్ధీకరణ పథకాల్లో ఊరు స్థలం వదులుకుని డబ్బు తెచ్చుకుంటోంది. అదృష్టవశాత్తు మెట్టలో ఇంకా కొనాల్సిన అవసరం రాలేదు, ఉన్నది పోకుండా చూసుకుంటే చాలు.

ఖర్చు తక్కువ, పట్టుదల ఎక్కువ

చేయాల్సిన పనులు ఏమంత పెద్దవి కావు. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ మొదట ఉమ్మడి స్థలాలన్నిటి జాబితాను సర్వే నంబర్లు, విస్తీర్ణం, వాడుకతో సహా తయారు చేసి గోడ మీద అంటించాలి. ఊరి పెద్దల్లో, కాపరుల్లో, దళితవాడలో అడిగితే దస్త్రంలో లేనివి బయటపడతాయి. రెండోది, ఆ జాబితాను గ్రామసభలో లేదా కౌన్సిల్లో ఆమోదించి రెవెన్యూకూ రిజిస్ట్రార్‌కూ పంపడం. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఆ ఏడాది డిసెంబరు నుంచి రెవెన్యూ సదస్సులు నడిచాయి. అలాంటి రోజున వ్యక్తుల అర్జీలతోపాటు ఊరి అర్జీ ఒకటి, ఉమ్మడి భూమి హద్దులు తేల్చమంటూ, పడాలి. మూడోది, హద్దు రాళ్లు పాతించడం, ఆటస్థలం, మొక్కల వంటి పనులకు ఉపాధి హామీ నిధులను వాడుకోవడం. ఆత్మకూరు వంటి చోట నాలుగోది కూడా ఉంది: ఇప్పటిదాకా అనుమతించిన ప్రతి లేఅవుట్‌కూ గిఫ్ట్ డీడ్ ఉందా, పేరు మారిందా అని ఒక్కసారి మొత్తం సరిచూడడం.

అన్నిటికంటే చౌకైన కాపలా వాడుక. వారం వారం సంత జరిగే జాగాలో ఎవరూ పునాది తీయరు, సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడే మైదానంలో కంచె వేయడానికి జంకుతారు. ఉదయగిరి కోట విషయంలో మనకు ఈ తెలివి ఉంది. 1513–14లో కృష్ణదేవరాయల ముట్టడిని తట్టుకుని నెలల తరబడి నిలిచిన ఆ కొండను చరిత్రగా గుర్తించాం గనుక, దాని రాయి కదిలితే వార్త అవుతుంది. కొండ దిగువన మంద నిలిచే బయలు పోతే వార్త కాదు. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోటల్లా చుట్టూ 100 మీటర్లు నిర్మాణ నిషేధం ఉంటుంది. మేత భూమికి అలాంటి వలయం గీసే శాఖ ఏదీ లేదు, ఆ ఊరి పంచాయతీ తప్ప.

స్థానిక ప్రభుత్వానికి అధికారం చాలదన్న వాదన సగం నిజం. ఖాళీ చేయించే అధికారం తహశీల్దారుదే, వెనక్కి తీసుకునే అధికారం ప్రభుత్వానిదే. కానీ లెక్క రాసే అధికారం, తీర్మానం చేసే అధికారం, వద్దని చెప్పే అధికారం పంచాయతీకీ కౌన్సిల్‌కూ ఉన్నాయి. కోర్టుకెక్కిన ఉమ్మడి భూమి కేసులో మొదట అడిగేది ఈ మూడు అధికారాలతో తయారయ్యే కాగితాలే. వాటిని ఇవాళే తయారు చేసుకున్న ఊరు రేపు మంత్రితోనైనా, వ్యాపారితోనైనా సమానంగా కూర్చుని మాట్లాడగలదు. తయారు చేసుకోని ఊరు తన మైదానం కోసం తానే అర్జీదారుగా నిలబడాల్సి వస్తుంది.